స్నేహితులను సిబ్బందిగా తీసుకుని అట్లాంటిక్ దాటాలనుకుంటున్నాము: ముందుగా ఏమేమి మాట్లాడుకోవాలి?

తూర్పుగాలి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను, నా భార్య ఆరేళ్లుగా 12 మీటర్ల పొడవున్న ఒక తెరచాప యాట్‌కు యజమానులం. ఇంతవరకు మేమిద్దరమే తీరం వెంబడి, దీవుల మధ్య తిరిగాము; ఒడ్డు కనబడకుండా వరుసగా మూడు రాత్రులకు మించి ఎప్పుడూ గడపలేదు. వచ్చే నవంబరు చివరలో, హరికేన్ల కాలం ముగిసి వ్యాపార పవనాలు నిలదొక్కుకునే సమయంలో, కానరీ దీవులలోని లాస్ పాల్మాస్ నుంచి బయలుదేరి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకు చేరాలన్నది మా సంకల్పం. దారి సుమారు 2,700 నాటికల్ మైళ్లు; మా పడవ నడకకు మూడు వారాలు పట్టవచ్చు. ఇంత దూరం ఇద్దరమే కాపలా కాస్తూ వెళ్ళే శక్తి మాకు లేదు, మా బీమా సంస్థ కూడా అందుకు ఒప్పుకోలేదు. అందువల్ల 20 ఏళ్లుగా మాకు ఆప్తులైన మరో దంపతులను సిబ్బందిగా రమ్మని అడిగాము. వాళ్లు మాకన్నా ముందే సామాను సర్దుకునేంత సంతోషంతో ఒప్పుకున్నారు.

నా బెంగ ఏమిటంటే, గడిచిన వసంతంలో నలుగురమూ కలిసి ఐదు రోజుల పరీక్షా ప్రయాణం ఒకటి చేశాము. మూడో రోజు సాయంత్రం, పడవలతో కిక్కిరిసి ఉన్న ఒక అఖాతంలో లంగరు వేస్తుండగా గాలి హఠాత్తుగా పెరిగింది. మిత్రుడు ముందుభాగంలో నిలబడి గొలుసు వదులుతున్నాడు, నేను చుక్కాని దగ్గర ఉన్నాను. పడవ వెనక్కి కొట్టుకుపోతున్నది, గొలుసు మాత్రం నేను కోరుకున్నంత వేగంగా దిగడం లేదు. నేను గట్టిగా అరిచాను. అంతటితో ఆగక, చుక్కాని నా భార్యకు అప్పగించి పరుగెత్తుకుంటూ వెళ్లి అతని చేతిలోని విండ్‌లాస్ (లంగరు గొలుసును దించే, ఎత్తే యంత్రం) రిమోట్ లాక్కున్నాను. ప్రమాదమేమీ జరగలేదు. రాత్రి భోజనాల దగ్గర క్షమాపణ చెప్పాను, అతను నవ్వేసి భుజం తట్టాడు. మరుసటి ఉదయం ఎప్పటిలాగే త్వరగా లేచి, తాళ్లన్నీ మళ్లీ చుట్టి సర్దుకుని, పడవను సిద్ధం చేశాను. ఆ తరువాతి రెండు రోజులూ అతను మాట్లాడవలసినంత మాత్రమే మాట్లాడాడు.

వాళ్లు రావడం మానుకోలేదు. అయితే ఇప్పుడు ఫోనులో ఏది అడిగినా "నీ ఇష్టం, సరంగువి నువ్వే కదా" అంటున్నాడు. అది గౌరవంతో అంటున్న మాటో, దూరం జరిగి అంటున్న మాటో నాకు తెలియడం లేదు. యజమానిగా, స్కిప్పర్‌గా ఉంటూనే స్నేహితుడిగా ఉండడం ఎలాగో, ఖర్చులూ కాపలా వంతులూ ఎలా పంచుకోవాలో, అసలు స్నేహితులకు బదులు పరిచయం లేనివాళ్లను తీసుకోవడమే మంచిదా అన్నది అనుభవజ్ఞులు చెప్పాలని కోరుతున్నాను. నాకు ఆ సముద్రం దాటడం ఎంత ముఖ్యమో, దాటిన తరువాత ఈ స్నేహం మిగలడం అంతకన్నా ముఖ్యం.

పాత లంగరు:

తూర్పుగాలి గారూ, నేను, నా భార్య మా పడవలో అదే దారిన రెండుసార్లు వెళ్ళాము. మొదటిసారి స్నేహితులతో వెళ్ళాము, రెండోసారి అంతకుముందు ముఖపరిచయమైనా లేని ఇద్దరితో వెళ్ళాము. రెండో ప్రయాణమే సాఫీగా సాగింది. కారణం ఆలోచిస్తే, కొత్తవాళ్లతో అన్నీ విడమరచి మాట్లాడుకున్నాము, స్నేహితుల దగ్గర మొహమాటపడ్డాము. "వాళ్లకు ఇది కూడా చెప్పాలా" అనుకుని వదిలేసిన ప్రతి విషయమూ పదో రోజుకల్లా ముల్లులా గుచ్చుకుంది. అయినా కొత్తవాళ్లను తీసుకోమని నేను చెప్పడం లేదు. కొత్తవాళ్లతో ఎంత వివరంగా మాట్లాడతారో మీ స్నేహితులతోనూ అంత వివరంగా మాట్లాడమంటున్నాను.

మొదట అధికారం సంగతి. ఏ దేశపు చట్టమైనా పడవకూ అందులోని మనుషులకూ స్కిప్పర్‌నే బాధ్యుడిని చేస్తుంది. దాన్ని నలుగురి మధ్య పంచడం కుదరదు. అలాగని పడవలో జరిగే ప్రతిదానికీ మీ మాటే చెల్లాలనీ లేదు. తెరచాప తగ్గించడం, దారి మార్చడం, లంగరు వేయడం, రాత్రి డెక్ మీదికి వెళ్ళేటప్పుడు నడుముకు తాడు తగిలించుకోవడం వంటి ప్రాణాలతో ముడిపడిన విషయాలలో మీ మాట వెంటనే అమలు కావాలి, ప్రశ్నలు తరువాత రావాలి. భోజనం ఎప్పుడు, సంగీతం ఎంతసేపు, చేపలకు గాలం వేయాలా, ఈత కోసం గాలిలేని రోజున పడవ ఆపాలా అన్నవి నలుగురివీ. ఈ గీత ఎక్కడ ఉందో ఒడ్డు మీదే అందరికీ తెలియాలి. మీ మిత్రుడు "నీ ఇష్టం" అంటున్నది ఈ గీత ఎక్కడుందో తెలియకే కావచ్చు.

లంగరు విషయంలో ఒక మాట. గాలిలో చుక్కాని దగ్గరి నుంచి ముందుభాగానికి మాట వినబడదు. వినబడేలా చెప్పాలంటే అరవాలి, అరిచిన గొంతు ఎదుటివాడి చెవికి కోపంగానే చేరుతుంది. మేము పది పన్నెండు చేతి సంజ్ఞలు పెట్టుకున్నాము: గొలుసు వదులు, ఆపు, ఎత్తు, ఇంజను ముందుకు, వెనక్కి, ఇన్ని మీటర్లు దిగింది. ఖాళీగా ఉన్న అఖాతంలో అరగంట సాధన చేస్తే చాలు. ఆ తరువాత మా పడవలో లంగరు దగ్గర అరుపు వినబడలేదు.

కాపలా వంతులకు మేము పాటించిన పద్ధతి ఇది. పగలు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు నాలుగేసి గంటల వాచ్‌లు మూడు, రాత్రి మూడేసి గంటల వాచ్‌లు నాలుగు. రోజుకు మొత్తం ఏడు వాచ్‌లు, మనుషులు నలుగురు. వరుస తప్పకుండా తిప్పితే వంతు ప్రతిరోజూ దానంతటదే జరుగుతుంది, ఒకే మనిషికి రోజూ అర్ధరాత్రి మూడు గంటల వాచ్ పడదు. నాలుగు రోజులకు చక్రం పూర్తయ్యేసరికి ఒక్కొక్కరూ సరిగ్గా 24 గంటలు కాసి ఉంటారు. వాచ్‌కూ వాచ్‌కూ మధ్య తొమ్మిది నుంచి పన్నెండు గంటల వ్యవధి దొరుకుతుంది. ఇది లెక్కల సరదా కోసం చెప్పడం లేదు. సముద్రం మీద జరిగే తగాదాలలో సగానికి సగం నిద్ర చాలకనే వస్తాయని నేను నమ్ముతాను. నిద్ర చాలని మనిషికి స్నేహితుడు దగ్గినా తిట్టినట్లే వినబడుతుంది.

మరో నియమం కూడా పెట్టుకోండి. వాచ్‌లో ఉన్నవాళ్లకు ఏ చిన్న అనుమానం వచ్చినా మిమ్మల్ని లేపాలి, లేపినందుకు మీరు ఎన్నడూ విసుక్కోకూడదు. దూరంగా కనబడిన ఓడ దీపం దేనిదో తెలియకపోవడం, గాలి శబ్దం మారినట్లు అనిపించడం ఏదైనా సరే. ఒక్కసారి విసుక్కున్నారంటే మళ్లీ మిమ్మల్ని లేపరు. లేపవలసిన రాత్రి కూడా లేపరు.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. తిండి, వంటగ్యాసు, డీజిల్, రేవు రుసుములు నలుగురూ సమానంగా పంచుకోవచ్చు. పడవ మరమ్మతులు, బీమా, విరిగిన సామాను యజమానివే. ఎవరి చేతిలో ఏది విరిగినా ఖర్చు మాదేనని ముందే చెప్పండి. లేకపోతే వాళ్లు వించ్ (తెరచాప తాళ్లు బిగించే చక్రం) హ్యాండిల్ పట్టుకోవడానికి కూడా భయపడతారు. అయిన ఖర్చులో వాటాకు మించి తీసుకుంటే చాలా దేశాలలో మీ పడవను వ్యాపార నౌకగా లెక్కిస్తారు, అది బీమాను కూడా చిక్కులో పడేస్తుంది.

చివరగా కాగితాల సంగతి. కొత్త దేశానికి చేరినప్పుడు అధికారుల అనుమతి కోరే పసుపు క్యూ జెండా ఎగరేసి, వలస, కస్టమ్స్ అధికారుల ముందుకు సిబ్బంది జాబితాతో వెళ్ళవలసింది స్కిప్పరే. మీ స్నేహితుల పేర్లు ఆ జాబితాలో ఉన్నంతకాలం వాళ్ల బాధ్యత మీదే. చాలాచోట్ల వాళ్లు దేశం విడిచి వెళ్ళడానికి టికెట్ చూపించాలి, పడవ దిగిపోయేటప్పుడు జాబితా నుంచి పేరు తీయించుకోవాలి. ఎవరైనా ముందే దిగిపోవాలనుకుంటే ఏ రేవులో, ఎవరి ఖర్చుతో అన్నది బయలుదేరకముందే కాగితం మీద రాసుకోండి. మేము మొదటిసారి దాన్ని అపశకునంలా భావించి రాసుకోలేదు. ఆ తప్పు మీరు చేయవద్దు.

నాలుగో బంక్:

నాకు సొంత పడవ లేదు. పదకొండేళ్లుగా ఇతరుల పడవలలో సిబ్బందిగా వెళుతున్నాను. కొందరు యజమానులు నాకు జీవితకాల మిత్రులయ్యారు, ఇద్దరి ముఖం మాత్రం మళ్లీ చూడలేదు. అటువైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి రాస్తున్నాను.

పడవ మీకు ఇల్లు. మాకు అది ఇంకొకరి ఇల్లు, అందులో తలుపు వేసుకుని కూర్చోవడానికి గది ఉండదు. ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో, మంచినీటి పంపు ఎంతసేపు తిప్పవచ్చో, ఏ అరలో చేయి పెట్టవచ్చో మాకు తెలియదు. ప్రతిదానికీ అడగాలి, అడిగిన ప్రతిసారీ అతిథిలా అనిపిస్తుంది. నాకు నచ్చిన ఒక యజమాని మొదటి రోజే ఒక బంక్ (పడుకునే బల్ల), దాని పక్కన రెండు అరలు చూపించి, "ఇవి నీవి, ఇక్కడికి మేమెవరమూ రాము" అన్నాడు. తనకు మరో చోటు లేకపోయినా తన సామాను ఒక్కటి కూడా ఆ అరలలో పెట్టలేదు. మూడు వారాల ప్రయాణంలో ఆ రెండు అరలు నాకు ఎంత నెమ్మదినిచ్చాయో మాటల్లో చెప్పలేను. నీటి విషయం కూడా ఇలాగే ముందే చెప్పండి. మనిషికి రోజుకు మూడు లీటర్లు తాగడానికి, వంటకు అనుకుంటే నలుగురికి 21 రోజులకు 252 లీటర్లు కావాలి, పైన ప్రయాణం ఆలస్యమైతే అక్కరకు కొంత నిలవ ఉండాలి. ఈ లెక్క గోడకు అంటించి ఉంటే ఎవరూ ఎవరి స్నానాన్నీ ఓరకంట చూడనక్కరలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చాలాకాలం కిందట ఒక పడవలో వెళ్ళాను. యజమాని మర్యాదస్తుడు, ఒక్కనాడు కూడా గొంతు పెంచలేదు. కానీ నేను వించ్ మీద తాడు చుడితే ఐదు నిమిషాల తరువాత వచ్చి విప్పి మళ్లీ చుట్టేవాడు. నేను జిబ్ (ముందు తెరచాప) సరిచేస్తే ఒక అంగుళం మార్చి వెళ్ళేవాడు. నేను కడిగిన కప్పులను తిప్పి పెట్టేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. రెండో వారానికి నాకు దేని మీదికీ చేయి ఆడలేదు. ఆ వారంలోనే ఒక రాత్రి నా వాచ్‌లో నైరుతి నుంచి ఒక నల్లటి మేఘం పైకి లేచింది. రీఫ్ వేసి, అంటే కొంత మడిచి కట్టి, మెయిన్‌సెయిల్ (ప్రధాన తెరచాప) తగ్గించాలని నాకు తెలుసు, ఎలా వేయాలో కూడా తెలుసు. వేస్తే తప్పుబడతాడేమో, మళ్లీ విప్పి వేస్తాడేమో, లేపితే నాకు చేతకాదనుకుంటాడేమో అని తటపటాయించాను. ఆ తటపటాయింపు పది నిమిషాలు మించి ఉండదు. ఆ పది నిమిషాలలో గాలి వచ్చి పడింది, తెరచాప కుట్టు వెంబడి నిలువునా చిరిగింది. తప్పు నాదే, ఒప్పుకున్నాను. అయితే ఆ తప్పు ఆ రాత్రి మొదలు కాలేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

తూర్పుగాలి గారూ, అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. అరిచి, క్షమాపణ చెప్పిన మరుసటి ఉదయం మీరు తాళ్లన్నీ మళ్లీ చుట్టానని రాశారు. ముందురోజు సాయంత్రం ఆ తాళ్లు చుట్టినది ఎవరు?

యజమాని తన పడవను సిబ్బంది చేతిలో పెట్టడమంటే ఏమిటో తెలియాలంటే స్మీటన్ దంపతుల కథ గుర్తుచేసుకోవాలి. మైల్స్, బెరిల్ స్మీటన్ తమ 46 అడుగుల కెచ్ (రెండు తెరచాప కొయ్యల పడవ) "జూ హాంగ్"లో 1956 డిసెంబరులో మెల్‌బోర్న్ నుంచి కేప్ హార్న్ వైపు బయలుదేరారు. వాళ్లతో సిబ్బందిగా వెళ్ళినవాడు జాన్ గజ్‌వెల్ అనే యువకుడు. 21 అడుగులైనా లేని "ట్రెకా" అనే పడవను స్వయంగా నిర్మించుకుని ఒంటరిగా ప్రపంచం చుట్టడానికి బయలుదేరినవాడు, స్నేహితుల కోసం తన పడవను న్యూజిలాండ్‌లో విడిచి వచ్చాడు. 1957 ఫిబ్రవరి 14న దక్షిణ మహాసముద్రంలో ఒక పెద్ద అల జూ హాంగ్‌ను ముందుకు తలకిందులుగా పల్టీ కొట్టించింది. చుక్కాని దగ్గరున్న బెరిల్ నీళ్లలో పడిపోయింది, రెండు కొయ్యలూ పోయాయి, చుక్కాని పోయింది, డెక్‌లో పెద్ద రంధ్రం పడింది. బెరిల్‌ను పైకి లాగారు. ఆ తరువాత వడ్రంగం నేర్చిన గజ్‌వెల్ రంధ్రాన్ని మూసి, మిగిలిన చెక్కలతో తాత్కాలికపు కొయ్య నిలబెట్టాడు. యజమానులిద్దరూ అతనికి సహాయకులుగా పనిచేశారు. వారాల తరబడి ప్రయాణించి ముగ్గురూ చిలీ తీరానికి చేరారు. గజ్‌వెల్ తరువాత తన ట్రెకా దగ్గరికి తిరిగి వెళ్లి 1959లో ప్రపంచ యాత్ర పూర్తిచేశాడు. తన పడవలో తానే సహాయకుడిగా నిలబడగలిగిన ఆ యజమాని మీద నాకు ఎనలేని గౌరవం.

గాలివాటు:

పైన రాసిన ఇద్దరి మాటలతోనూ ఏకీభవిస్తున్నాను. నేను నా భర్తతో కలిసి ఒక పడవకు సగం యజమానిని, కాబట్టి తూర్పుగాలి గారి భార్య వైపు నుంచి కొన్ని మాటలు చెప్పాలనిపిస్తున్నది. మీ ప్రశ్నలో ఆమె చుక్కాని అందుకున్న ఒక్క క్షణం తప్ప ఎక్కడా కనబడలేదు.

దంపతుల పడవలోకి మరో దంపతులు వస్తే జరిగేది ఏమిటంటే, మగవాళ్లిద్దరూ తెరచాపలూ వాతావరణమూ చూసుకుంటారు, యజమానురాలు తనకు తెలియకుండానే ఆతిథ్యమిచ్చే ఇల్లాలు అయిపోతుంది. ఒరిగి ఊగుతున్న గ్యాలీలో, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, వేడి గిన్నె జారకుండా తుంటితో ఆపుతూ, నలుగురికీ వండి పెట్టడం మూడు వారాల పాటు ఒకే మనిషి చేయగల పని కాదు. మా మొదటి పెద్ద ప్రయాణంలో నేను చేశాను, పైగా నా వాచ్‌లు నేను కాశాను. పన్నెండో రోజున స్నేహితురాలు "ఈ రోజు ఏం వండుతున్నావు" అని మామూలుగా అడిగితే నాకు ఏడుపు ఆగలేదు. ఆమె తప్పు ఏమీ లేదు. వంట వంతులు మేమే పెట్టలేదు. ఇప్పుడు మా పడవలో ఎవరు వచ్చినా వంటకు వంతు ఉంటుంది, వంట వంతు ఉన్నవాళ్లకు ఆ రాత్రి వాచ్ ఉండదు. వాళ్లు ఆ రాత్రి పూర్తిగా నిద్రపోతారు. వంట వంతు కోసం అందరూ పోటీపడడం మీరు స్వయంగా చూస్తారు.

రెండోది, స్కిప్పర్ నీళ్లలో పడితే ఏం చేయాలన్న సాధన. చాలా పడవలలో ఈ సాధనను భర్తే నడిపిస్తాడు, అంటే నీళ్లలో పడిన మనిషే డెక్ మీద నిలబడి ఆజ్ఞలు ఇస్తుంటాడు. దానివల్ల ప్రయోజనం లేదు. ఒక రోజున మీరు కాక్‌పిట్‌లో (చుక్కాని దగ్గర కూర్చునే చోట) ఒక మూల కూర్చుని నోరు మెదపకుండా ఉండండి. ఒక ఫెండర్‌ను (పడవ పక్కకు దెబ్బ తగలకుండా వేలాడదీసే బుంగను) నీళ్లలోకి విసిరి, మిగిలిన ముగ్గురూ పడవను తిప్పి, తెరచాపలు దించి, దాన్ని పైకి తెచ్చేవరకు మీరు వేలు కూడా చూపించవద్దు. మేము చేసినప్పుడు మొదటిసారి 14 నిమిషాలు పట్టింది, నాలుగోసారికి ఐదు. నా భర్త ఆ సాయంత్రం చాలాసేపు మౌనంగా కూర్చుని, "నేను పడిపోతే నన్ను తెచ్చేది మీరే" అన్నాడు. ఆ రోజు నుంచి మా స్నేహితుడితో అతను మాట్లాడే తీరే మారింది.

ఇంకొక చిన్న విషయం. వాచ్‌ల వల్ల నలుగురూ ఒకరినొకరు చూసుకునేది తక్కువ. ఒకరు లేచేసరికి ఒకరు పడుకుంటారు. రోజుకొక్క పూట, వెలుతురు ఉండగానే, నలుగురూ కాక్‌పిట్‌లో కలిసి భోంచేయండి. ఏదైనా మనసులో ఉంటే అప్పుడే చెప్పుకోవాలని నియమం పెట్టుకోండి. దంపతులు తమ బంక్‌లో గుసగుసగా చెప్పుకునే ఫిర్యాదు పడవలో రెండు పక్షాలను తయారుచేస్తుంది, 12 మీటర్లలో రెండు పక్షాలకు చోటు లేదు.

దీవిదీపం:

చేరిన తరువాతి సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మీ స్నేహితులు తిరుగు విమానానికి తేదీ మార్చుకోగల టికెట్ కొనాలి. తేదీకి కట్టుబడి ఉన్న సిబ్బంది గాలి తగ్గిన ప్రతిరోజూ స్కిప్పర్ ముఖం వైపు చూస్తారు. ఒడ్డు చేరిన రోజే విడిపోవద్దు. మూడు నాలుగు రోజులు అదే రేవులో లంగరు వేసి, పడవ కడిగి, చిరిగినవి కుట్టి, నిద్రలు తీర్చుకుని, అప్పుడు వీడ్కోలు చెప్పుకోండి. సముద్రం మీద మాట పట్టింపులు వచ్చి ఉంటే అవి తేలిపోవడానికి ఆ రోజులే పనికివస్తాయి.

మే నెలలో యూరప్ వైపు తిరిగివచ్చే పడవలు అజోర్స్‌లోని ఓర్తా రేవులో ఆగుతాయి. అక్కడి గట్టు గోడల మీద వచ్చిన ప్రతి పడవ సిబ్బందీ తమ పడవ పేరు, బొమ్మ, సంవత్సరం రంగులతో వేసి వెళుతుంది. వేయకుండా వెళితే దారి కలిసిరాదని నావికుల నమ్మకం. యజమాని పేరు, సిబ్బంది పేరు ఒకే పరిమాణంలో, ఒకే వరుసలో రాసిన బొమ్మలు అక్కడ వందల్లో ఉన్నాయి. గత ఏడాది నేను, మా పాత సిబ్బందిలో ఒకరు, పన్నెండేళ్ల కిందట మేము వేసిన బొమ్మను వెతికి పట్టుకున్నాము. సగం వెలిసిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని ఇద్దరం మళ్లీ రంగు వేశాము.

తూర్పుగాలి:

అందరికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. మీ జవాబులు నేను, నా భార్య కలిసి రెండుసార్లు చదివాము. గాలివాటు గారు రాసింది చదువుతూ ఆమె ఏమీ అనలేదు, ఆ పేరా దగ్గర వేలు పెట్టి నా వైపు చూసింది. వంట వంతుల కాగితం ఆ రాత్రే తయారైంది, అందులో మొదటి పేరు నాది.

నాలుగో బంక్ గారి ప్రశ్నకు జవాబు వెంటనే రాయలేకపోయాను. ఆ సాయంత్రం తాళ్లు చుట్టింది నా మిత్రుడే. లంగరు గొడవ సద్దుమణిగాక, నేను లోపల క్షమాపణకు మాటలు వెతుక్కుంటుండగా, అతను ఒక్కడే చీకటిపడేదాకా డెక్ మీద ఉండి తెరచాప తాళ్లూ జిబ్ తాళ్లూ అన్నీ చుట్టి పెట్టాడు. నేను ఆ సంగతి గమనించనైనా లేదు. ఉదయం లేచి, చుట్లు నా పద్ధతిలో లేవని, అలవాటుగా అన్నీ విప్పి చుట్టాను.

నిన్న అతనికి ఫోను చేశాను. అరిచినందుకు మళ్లీ క్షమాపణ చెప్పబోతే, "అరిచావా? గాలిలో ఎవరైనా అరుస్తారు, అది నేను ఎప్పుడో మరిచిపోయాను" అన్నాడు. తాళ్ల సంగతి ఎత్తేసరికి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. ఒక్కొక్కటే విప్పుతున్నావు. నన్ను పిలిచి ఎలా చుట్టాలో చూపించి ఉంటే బాగుండేది అనుకున్నాను" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, తప్పయిందని మాత్రం చెప్పాను.

ఆ తరువాత గంటన్నర మాట్లాడుకున్నాము. ఖర్చుల వాటా, దిగిపోవలసి వస్తే ఏ రేవు, రాత్రి లేపే నియమం, ఏడు వాచ్‌ల పట్టిక అన్నీ ఒప్పుకున్నాము. ఒకచోట అతను నాతో విభేదించాడు: మెయిన్‌సెయిల్‌ను చీకటి పడేముందు ప్రతిరోజూ ఒక రీఫ్ తగ్గించి ఉంచాలని అతను, అవసరమైతేనే తగ్గించాలని నేను. ఈ విషయంలో తుది మాట నాదేనని ఇద్దరికీ తెలుసు. అయినా ఈసారి "నీ ఇష్టం" అని ఊరుకోకుండా తన కారణాలు మూడు చెప్పాడు. విన్న తరువాత అతని పద్ధతే మంచిదనిపించింది, అలాగే చేస్తున్నాము.

వచ్చే నెలలో నాలుగు రోజులు మళ్లీ నలుగురమూ పడవ ఎక్కుతున్నాము. మొదటి రోజు చేతి సంజ్ఞలు, రెండో రోజు నేను మూల కూర్చుని నోరు మూసుకునే సాధన. కుడివైపు వెనక బంక్, దాని పక్కన రెండు అరలు నిన్ననే ఖాళీ చేశాను. అక్కడున్న నా పనిముట్ల పెట్టెకు ఇంకా చోటు దొరకలేదు, ప్రస్తుతానికి నా బంక్ మీద కాళ్ల దగ్గర పెట్టుకున్నాను.